మెమరీకి బొట్టు

ముందుగాల్నే ఒప్పుకుంటుండు గీ ముచ్చట రాసెటోడు: తప్పు వానిదే. పేరు సాగర్. దేవకి పెద్దమ్మ మంచిగనే అడిగింది, వాడే నవ్వు ఆపుకుంట తిక్క జవాబు చెప్పిండు. ఇగ వాని గురించి చాలు. గిది పెద్దమ్మ బిడ్డ సృజనక్క ముచ్చట.

సృజన కరీంనగర్ల ఓ ప్రైవేటు బడిల లెక్కల టీచర్. బెండకాయ కొస ఇరిచి చూడంది సంచిల ఎయ్యది. "నిన్ను చేసుకునెటోని ముక్కు గూడ గిట్లనే ఇరిచి చూస్తవా బిడ్డా?" అని కూరగాయల బాలవ్వ మొకమ్మీదనే అడిగింది ఓసారి.

అసొంటి మనిషి సొంతంగ గేమింగ్ కంప్యూటర్ కడ్తుంటే ఎట్లుంటది? ఒక్కో సామాను నెలలకు నెలలు చూసి కొన్నది. సాగర్ తన పాత కంప్యూటర్లకెల్లి మెమరీ పీకి తెచ్చి, "మెమరీ అంటే మెమరీయే గదక్కా, ఊకె వస్తుంటె వద్దంటవేంది?" అన్నడు.

సృజన దాన్ని తన కంప్యూటర్ బోర్డు పక్కన పెట్టి చూపెట్టింది. "గీ అంచుల గాటు చూడు. నా బోర్డుకు గాటు గీడ ఉండాలె, నీదానికి గాడుంది. జబర్దస్తి ఒత్తితె బోర్డు పలుగుతది. నీ తల్కాయల పెట్టుకో, ఆడ ఖాళీ మస్తుంది."

బోర్డు కంపెనీ ఒప్పుకున్న రకం, ఒక్క డబ్బల వచ్చిన జతనే తెప్పించింది. ఆ జత ఇయ్యాల్నే వచ్చింది. ఇయ్యాల్నే కావాలె గూడ. ఆన్‌లైన్ గేమ్ ఆడె ఆదిలాబాద్ అతియా టీముల సృజనకు ఓ జాగ ఉంది. ఇద్దరు ఎన్నడు కల్సింది లేదు, గొంతులే దోస్తులు. పోయిన మ్యాచ్‌ల అడుక్కొచ్చుకున్న లాప్‌టాప్ అసలు టైముకు బిగుసుకపోయింది, టీమంత ఓడింది. తీసేద్దామని మిగిలినోళ్లంటే అతియానే కొట్లాడి ఆపింది. ఆరింటికి మ్యాచ్.

సృజన బడికెల్లి ఉరికొచ్చింది. టేబుల్ మీదున్న బోర్డుల, బూడిదరంగున్న రెండో సందుల ఒకటి, నాలుగో సందుల ఒకటి, మెమరీ టక్కుమనేదాక ఒత్తింది. బటన్ నొక్కింది.

ఫ్యాన్లు తిరిగినయ్. తెర నల్లగనే ఉంది. మెమరీ పక్కన పసుపు లైటు ఎలిగింది, ఆరలే.

"కొత్త మెమరీని బోర్డు గుర్తువట్టుటానికి జర సేపు వడ్తది," అన్నది సృజన, తనకు తానే చెప్పుకున్నట్టు. ఆగింది. ఇంక ఆగింది. లైటు అట్లనే ఉంది. ఆపింది, పీకింది, పెట్టింది, నొక్కింది. అదే లైటు. ఇంత చూసి గూడ తప్పుది కొన్ననా?

ఫోన్ మోగింది. అతియా. "సృజనా, ఏడున్నవ్? నీ జాగల ఆడెతందుకు భానుప్రసాద్ తయారుగున్నడు, నేనే ఆపుతున్న. నువ్ రాకుంటె నా మాట ఇంకోపాలి చెల్లది."

"వస్తున్న. జర ఆగు, అతియా."

సాగర్ గోడకు అతుక్కుని నిలవడ్డడు. వానికి పొద్దుగాలటి ముచ్చట యాదికొస్తుంది. ఆ ఇంట్ల బండైనా మిక్సీ అయినా కొండగట్టు అంజన్న సింధూరం తగలంది చాలూ గాదు. "దీనికి బొట్టు ఏడ పెట్టాలె కొడుకా?" అని పెద్దమ్మ బోర్డు చూపెట్టి అడిగితే, "గా బూడిదరంగు సందులు రెండున్నయ్ జూడు, గవే దీని నోళ్లు. నోట్లె పెట్టు పెద్దమ్మా," అని చెప్పి చాయ్ తాగవొయిండు. నిజంగ పెడ్తదనుకోలే. అనుకోలేనా?

సృజన మెమరీ మళ్లొక్కసారి పీకి కిటికి కాడికి పట్టుకపోయింది. బంగారి గీతల మీద నారింజరంగు జిడ్డు. బోర్డు సందుల్లకు ఫోన్ లైటు కొట్టింది. అడుగున నూనె సింధూరం మెరుస్తుంది.

"అవ్వా!"

దేవకి ఉరికొచ్చింది. "ఏమైంది? అగ్గిపుల్లతోని సన్నగనే పెట్టిన బిడ్డా. సాగరే చెప్పిండు, నోళ్లని."

సృజన సాగర్ దిక్కు చూసింది. తిడితేనే బాగుండు అనిపించింది వానికి.

మందుల డబ్బలకెల్లి స్పిరిట్ తీసి మెమరీ గీతలు తుడిచింది, ఆరనిచ్చింది. జిడ్డు సందులు ఇప్పుడు కడిగే టైము లేదు. మిగిలిన రెండు నల్ల సందులు సాఫ్‌గున్నయ్. కంపెనీ వాటిని ముందుగాల వాడద్దంటది. నడిస్తె నడుస్తది, లేకుంటె లేదు. బెండకాయ ఇరిచి చూసే మనిషి, కండ్లు మూసుకుని ఒత్తింది.

ఫ్యాన్లు. నల్ల తెర. పసుపు లైటు.

సాగర్ చెయ్యి బటన్ దిక్కు వొయింది. "ఆపి మళ్ల..."

ఫట్‌మని ఒక్కటేసింది సృజన. "ముట్టకు."

ఫోన్ మళ్ల మోగుతుంది. దేవకి చేతులు జోడించి గొణుగుతుంది. సృజన ఫోన్ ఎత్తలే, లైటు మీదికెల్లి కండ్లు తియ్యలే.

లైటు ఆరింది. తెర మీద బోర్డు కంపెనీ గుర్తు ఎలిగింది.

ఆరు గొట్టంగ హెడ్‌ఫోన్ల అతియా గొంతు: "వచ్చినవా, తల్లీ! జాన్ నికల్ గయీ, నా పానం పోయిందనుకో!"

సాగర్‌కు అప్పుడు పానం లేచొచ్చింది. ఊకుంటడా? "చూసినవా అక్కా, ఎంతైనా అంజన్న సింధూరం మహిమ."

సృజన తెర దిక్కే చూసుకుంట, పక్కనున్న సింధూరం గిన్నె తల్లి చేతికిచ్చింది.

"అవ్వా, వీనికి గూడ పెట్టు. ఏం సాగర్, బొట్టు నోట్లెనే పెట్టాలంటివి గదా. తెరువు నోరు."