కత్తిపీటలో పీట ఎందుకుంది

మా చిన్నప్పుడంటే మరీ పాతకాలమేం కాదు... ఏలూరులో ఆరో తరగతి. తెలుగు మేడం బోర్డు మీద 'కత్తిపీట' అని రాసి, "కత్తి సరే... ఇందులో పీట ఎందుకొచ్చిందర్రా?" అని అడిగారు.

మా క్లాసులో అందరివీ చాకులున్న ఇళ్లే.

నాకు మాత్రం జవాబు తెలుసు. మా అమ్మమ్మ కొల్లేటి లంక నుంచి వచ్చి చేపల మార్కెట్లో చేపలు కోసేది. సెలవులొస్తే నేను ఆవిడ పక్కనే. "కత్తి కదలదమ్మలూ... పీట మీద మన బరువుంటేనే అది నిలబడుద్ది. చేపే కత్తి దగ్గరికొస్తాది. అందుకే ఆ పేరు" అనేది.

కానీ స్కూల్లో అమ్మమ్మ రిటైర్డ్ టీచర్ అని చెప్పుకున్నాను. నిజం తెలిస్తే హాసిని వాళ్లు లంచ్‌లో పక్కన కూర్చోనివ్వరేమోనని రోజూ భయమే...

అయినా చెయ్యి లేచిపోయింది. చెప్పాను. మేడం చేసి చూపించమన్నారు. వంకాయ కోస్తానంటూ కింద కూర్చున్నాను. మోకాలు పైకెత్తి, లేని పీటని తొక్కిపెట్టాను... అంతలో నా చెయ్యి దానంతటదే పక్కకెళ్లి చిటికెడు ఏదో తీసుకుంది.

"అదేంటే తీశావ్?" అంది హాసిని.

"బూడిద..."

"వంకాయకి బూడిదెందుకే? చేప జారకుండా చేపలావిడ రాస్తది బూడిద."

"యూట్యూబ్‌లో చూశాలే" అన్నాను. అందరూ నవ్వారు. హాసిని మాత్రం నన్నే చూస్తూ ఉంది.

ఆదివారం మార్కెట్లో అమ్మమ్మ అడిగింది. "కత్తిపీట గురించి నువ్వొక్కదానివే చెప్పావంటగా, మీ అమ్మ చెప్పింది. ఎవరు నేర్పారంటే ఏమన్నావ్?"

"నీ పేరే చెప్పాను."

ఇక ఆ పూటంతా వచ్చినవాళ్లందరికీ అదే మాట. "మా మనవరాలు క్లాసులో నా పేరు చెప్పిందండీ..." నేను మాత్రం హాసిని వాళ్లమ్మ వస్తుందేమోనని బుట్టల వెనక నక్కి కూర్చున్నాను.

మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ పని మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు మార్కెట్లో నిలబడి, చెక్క మొద్దు మీద పెద్ద కత్తితో కొట్టేస్తున్నారు. కత్తిపీట అంటే ఏంటని మా తమ్ముడు అడుగుతున్నాడు...

చుట్టాలొస్తే అమ్మమ్మ ఇప్పటికీ ఆ క్లాసు సంగతే చెబుతుంది. నేను లేచి లోపలికి వెళ్లిపోతాను. ఈ పోస్టుకి కూడా నా పేరు పెట్టలేదు...

మీ ఇంట్లో కత్తిపీట ముందు ఎవరు కూర్చునేవారండీ? మీరైనా వాళ్ల పేరు పైకి చెప్పండి...