గాలిరోజున బావ అనని మాట

మా బావకు మాటలు తక్కువ. ఆయనతో కాపురం గోడతో కాపురమే అంటుంది మా అక్క. గోడకైతే బట్టలు ఉతకక్కర్లేదని కూడా చేరుస్తుంది. అలాంటి మనిషికి టవర్ క్రేను డ్రైవరు ఉద్యోగం దొరకడం అదృష్టమే అనాలి. పొద్దున్నే నిచ్చెన ఎక్కి అద్దాల క్యాబిన్‌లో కూర్చున్నాడంటే సాయంత్రం దాకా పలకరించేవాళ్ళు ఉండరు, ఒక్క సిగ్నల్‌మన్ తప్ప.

ఆ సిగ్నల్‌మన్ వేరే కంపెనీకి వెళ్ళిపోతున్నాడని తెలిసిన నాటినుంచి బావకు అన్నం సయించలేదు.

మేము కడుతున్న భవనంలో లిఫ్టు గోడ అడ్డం వస్తుంది. దాని వెనక దింపే బరువు క్యాబిన్‌లోంచి కనపడదు. కింద నిలబడినవాడు వాకీటాకీలో "ఎడమకు... ఇంకొంచెం... మెల్లగా దించు" అంటుంటే, ఆ గొంతునే నమ్ముకుని బావ టన్నుల బరువు దింపుతాడు. అది దిగే చోట పనిచేసే సెంట్రింగు వడ్రంగుల్లో నేనొకణ్ణి. కాబట్టి బావ భయం నాకూ పట్టుకుంది, సగం ఆయన కోసం, సగం నా తలకాయ కోసం.

ఇంతకీ గొడవంతా గాలితో మొదలైంది. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం చెక్క పలకల కట్ట పైకి లేస్తుండగా ఈదురుగాలి అందుకుంది. "ఆపన్నా, దించెయ్" అన్నాడు సిగ్నల్‌మన్. శ్లాబు ఆలస్యమవుతోందని సైటు మేనేజరుకు ఒళ్ళు మండింది. "గాలికే భయపడేవాడివి ఇక్కడికెందుకొచ్చావయ్యా? ఇంట్లో తలుపులేసుక్కూర్చో" అన్నాడు అదే వాకీటాకీలో. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక వాకీటాకీ సంగతి చెప్పేదేముంది, సైటంతా విన్నది. కొందరు నవ్వారు కూడా. బావ బరువైతే దించాడు గానీ నోరు విప్పలేదు. క్యాబిన్‌లో గాలి మీటరు అప్పటికే ఎర్రగీత దాటిందనీ, సిగ్నల్‌మన్ అనకపోయినా తానే ఆపేవాణ్ణనీ ఆ సాయంత్రం అన్నం తింటూ మా అక్కకు చెప్పాడు. చెప్పాల్సింది వంటింట్లోనా? నాకు చిర్రెత్తుకొచ్చింది. బావ కదా అని ఊరుకున్నాను.

ఈ ఏడాది మా కంపెనీలోంచి జనం ఒక్కొక్కరే జారుకుంటున్నారు. వాళ్ళను నిలబెట్టమని హెడ్డాఫీసు ఒక మేడంను పంపింది. ఆమె "మనమంతా ఒకే కుటుంబం" అని గేటు దగ్గర బ్యానరు కట్టించి, అందరికీ టీషర్టులు పంచింది. అన్నీ ఒకటే సైజు. కుటుంబమన్నాక అలకలుంటాయనీ, అలిగినవాణ్ణి ఎవరో ఒకరు పలకరించాలనీ బ్యానరు మీద రాయలేదు. మనిషి మాత్రం మంచిదే. బావను పిలిచి, "సిగ్నల్‌మన్ మీ మాటైతే వింటాడండీ, ఒక్కసారి అడిగి చూడండి" అని బతిమాలింది.

బావ నన్ను తోడు పెట్టుకుని అతన్ని టీ కొట్టుకు తీసుకెళ్ళాడు. గ్లాసులో టీ చల్లారిపోయినా మాట బయటికి రాలేదు. చివరికి, "జీతం పెంచుతారంట" అన్నాడు.

"డబ్బు కాదన్నా, వాళ్ళూ ఇంతే ఇస్తారు" అన్నాడు సిగ్నల్‌మన్. "మేనేజరు నోరే అంత, దులిపేసుకునేవాణ్ణి. కానీ గాలి పైనున్న నీకే ముందు తెలుస్తుంది. నువ్వేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నారు అందరూ. నేను పిరికివాణ్ణయ్యాను. ఇప్పుడు ఆపు అనాలంటే నాకు నోరు రావట్లేదు. అలాంటివాడు నీ కింద ఉండకూడదన్నా."

అప్పుడైనా చెప్పొచ్చుగా? బావ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ఆ వారమంతా ఆయనకు నిద్ర లేదు. నిద్రపట్టినా చేతులు హ్యాండిళ్ళు లాగుతున్నట్టు కదులుతున్నాయని అక్క కంగారు పడింది.

సిగ్నల్‌మన్ ఆఖరి రోజున, సాయంత్రం చివరి బరువు దిగాక, మా మేస్త్రి చేతిలోని వాకీటాకీ గరగరలాడింది. బావ గొంతు.

"అందరూ వినండి. ఆ గాలిరోజున అతను ఆపమన్నది సరైన మాట. మీటరు ఎర్రగీత దాటింది. నాకు తెలుసు. మేనేజరుగారికి భయపడి నేనే నోరు మూసుకున్నాను."

మేనేజరు తల వంచుకుని ఆఫీసు గదివైపు నడిచాడు. ఇక సిగ్నల్‌మన్ ఉండిపోతాడని మేడం మొహం వికసించింది. నాకూ ఆశ పుట్టింది.

సిగ్నల్‌మన్ నిచ్చెన దగ్గరే నిలబడి, దిగిన బావ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఉంటావా మరి?" అన్నాడు బావ.

"అక్కడ మాటిచ్చేశానన్నా, రేపే చేరాలి. టీ కొట్టు దగ్గర ఈ మాట అనుంటే వెళ్ళేవాణ్ణి కాదు."

బావ ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున మేస్త్రి వాకీటాకీలో కొత్త సిగ్నల్‌మన్ గొంతు, "రెడీ సార్" అంది. పైన క్రేను కదల్లేదు.

"నీకు అనుమానమొస్తే ఆపమను, ఎవర్నీ అడక్కు" అన్నాడు బావ. "నువ్వు ఆపమంటే నేను ఆపుతాను. మేనేజరుగారూ, మీరూ వింటున్నారుగా?"

మేనేజరు పలకలేదు. కొత్త గొంతు, "సరేనన్నా" అంది. బరువు లేచింది. లిఫ్టు గోడ వెనక నేను తలెత్తి దాన్నే చూస్తూ నిలబడ్డాను.