గోడ దాటిన క్యారంబోర్డు

మా గల్లీలో ఇంకా టీవీలు రాని రోజులు. మా ఆయనకు క్యారం పిచ్చి, నాకు తలనొప్పి. గౌలిపురలోని మా ఒంటిగది ఇంట్లో సాయంత్రమైతే చాలు టకటక, అరుపులు, చాపనిండా బోరిక్ పౌడరు. పక్కింటి అక్క బాధ వేరు. వాళ్ల మామ, భర్త చదరంగం ముందు కూర్చుంటే అన్నానికి పిలిచినా పలకరు.

"నీ లొల్లి నాకియ్యి చెల్లె, మా ఇంట్ల మాటే ఇనబడ్తలేదు," అంది ఒకరోజు.

మగవాళ్లను ఒప్పించి, పిట్టగోడ మీదుగా ఆటలు మార్చుకున్నాం. ఆ సాయంత్రం మా గది చల్లబడింది. హమ్మయ్య అని గోడకు చేరగిలబడ్డాను. అవతల అదే టకటక మొదలైంది. కాసేపటికి వాళ్ల మామ పకపకా నవ్వాడు. ఇన్నేళ్లు పక్కనే ఉన్నా, ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి.