ఒక్క చుక్క వెడల్పు

మా బావ ఒకసారి అడిగిన ప్రశ్న రెండోసారి అడగడు. ఒకసారి చెప్పిన జవాబూ రెండోసారి చెప్పడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని మా అక్క మూడుసార్లు అడిగితే మొదటిసారి తల ఊపి, మిగతా రెండింటికీ ఆ ఊపుతోనే సరిపెట్టుకోమంటాడు. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలు మెచ్చుకునేవారు. వాళ్ళకేం, కాపురం చేసేది మా అక్క.

ఆయన ఉద్యోగం ఆసుపత్రి కంప్యూటర్ గదిలో. ఇంటర్నెట్ అంటే ఫోన్ లైను కూత పెట్టి కూత పెట్టి కలిసే రోజులవి. అక్కా నేనూ అదే ఆసుపత్రికి రోడ్డవతల ఉన్న అంబులెన్సు ఫోన్ల గదిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. ఎవరో ఫోన్ చేస్తారు, మేం అడ్రసు టైపు చేస్తూ ఏ బండి ఖాళీగా ఉందో తెలుసుకోడానికి మీట నొక్కుతాం. నొక్కగానే తెర మొత్తం తెల్లబడేది. ప్రశ్న రోడ్డు దాటి బావ గదిలోని సర్వర్ దగ్గరికి వెళ్ళి, జవాబుతో పాటు పేజీ అంతా మళ్ళీ మొదటినుంచి రావాలి. దానికి పన్నెండు సెకన్లు. వచ్చేసరికి సగం టైపు చేసిన అడ్రసు గాల్లో కలిసిపోయేది. గోడవతలి మనిషిని ఒక మాట అడగడానికి ఇల్లు కూల్చి మళ్ళీ కట్టుకోవడమన్నమాట.

అందుకని అక్క అడ్రసులు ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకునేది. రాత్రి భోజనం వడ్డిస్తుంటే ఆ చేతిలో ఎవరిదో ఇంటి నంబరు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు అని కనబడేది.

బావ ఆ చెయ్యి వారం రోజులు చూశాడు. ఎనిమిదో రోజు నోరు విప్పాడు.

"పేజీని కదపక్కర్లేదు. ఓ చిన్న బొమ్మ కావాలని అడిగినట్టు నటిస్తే చాలు. ఆ బొమ్మ పేరు చివర బండి నంబరు తగిలిస్తాను. సర్వర్ బొమ్మ పంపిస్తుంది. వెడల్పు తెరమీది ఒక చుక్కంత ఉంటే బండి ఖాళీ, రెండు చుక్కలైతే లేదు."

"అంత చిన్నది మాకెలా కనబడుతుంది బావా?" అన్నాను.

"మీకు కనబడక్కర్లేదు. పేజీయే కొలుచుకుని ఖాళీ అనో లేదనో రాసి చూపిస్తుంది."

ఆ నెల మొత్తానికి ఆయన మాట్లాడింది అదే.

ముందు అక్క మిషన్‌లో మాత్రమే పెట్టాడు. ఆరు బండ్లనీ అడిగి చూశాడు. ఆరూ సరిగ్గా చెప్పాయి. ఒక్కోదాన్నీ ఒక్కసారే అడిగాడు. అంతకుమించి అడగడం ఆయన ఒంట్లో లేదు.

మొదటిరోజు తొమ్మిదింటికి అక్క మూడో బండి గురించి అడిగితే ఖాళీ అని వచ్చింది. ఈలోగా ఆ బండిని ఇంకొకరు పంపించేశారు. పదీ ఇరవైకి ఒకావిడ, వాళ్ళ నాన్నకి గుండెల్లో నొప్పని ఫోన్ చేసింది. అక్క మళ్ళీ మూడో బండికే మీట నొక్కింది. తెర తెల్లబడలేదు, అడ్రసు పోలేదు, ఖాళీ అని వచ్చింది. "బండి బయల్దేరుతోందమ్మా" అంది అక్క. ఆ అడ్రసు చీటీ బండ్ల షెడ్డులో అచ్చయి, ఊళ్ళో ఎక్కడో తిరుగుతున్న డ్రైవరు కోసం నలభై నిమిషాలు ఎదురుచూసింది. పెద్దాయన్ని చివరికి కూరగాయల వ్యానులో తెచ్చారు. బతికాడు. బతికాడు కాబట్టి ఫిర్యాదు స్వయంగా, వివరంగా రాశాడు.

సర్వర్‌కి వచ్చిన ప్రతి ప్రశ్నా టైముతో సహా ఒక చిట్టాలో పడుతుంది. మా సూపర్వైజరు అది అచ్చు తీయించాడు. పదీ ఇరవైకి అక్క కుర్చీ నుంచి ప్రశ్నే లేదు. అంటే అక్క మీట నొక్కకుండానే బండి వస్తోందని చెప్పేసిందన్నమాట.

"నొక్కిందండీ, పక్కనే ఉండి చూశాను," అన్నాను.

"చెల్లెలివి కదమ్మా," అన్నాడాయన.

మర్నాడు పదింటికి పెద్ద డాక్టరు ముందు హాజరు కావాలన్నారు. ఉద్యోగం ఉండేదీ ఊడేదీ అక్కడే తేలుతుంది.

ఆ సాయంత్రం బావ చిట్టా కాగితం ముందేసుకుని కూర్చున్నాడు.

"నొక్కావా?"

"నొక్కాను."

కాగితం మళ్ళీ చూశాడు. "నిజంగా నొక్కావా?"

అక్క చేతిలో గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఒక ప్రశ్న రెండోసారి అడగడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది.

"చుక్కని నమ్ముతావు గానీ అక్కని నమ్మవా బావా?" అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దున ఎనిమిదింటికి మాతోపాటు ఫోన్ల గదికి వచ్చాడు. అక్క మిషన్లో మూడో బండిని అడిగితే ఖాళీ అంది. షెడ్డుకి ఫోన్ చేసి, బండి బయటికెళ్ళినట్టు రాయించాడు. అప్పుడు, ముందురోజు సాయంత్రం అలవాటు చేసుకున్నదే కదా, రెండోసారి అడిగాడు. ఖాళీ. మూడోసారి అడిగినా ఖాళీ. లేచి రోడ్డు దాటి పరుగెత్తాడు. చిట్టాలో ప్రశ్న ఒక్కటే ఉంది. అదే పేరున్న బొమ్మ ఆ రోజుకి ఒకసారి తెచ్చుకున్నాక, మళ్ళీ ఎందుకులే అని మిషన్ సర్వర్‌దాకా వెళ్ళకుండా, దాచుకున్న పాత బొమ్మే తీసి చూపించింది. పదీ ఇరవైకి అక్కకి వచ్చింది తొమ్మిదింటి జవాబు.

పదింటికి పెద్ద డాక్టరు ముందు బావ నిలబడ్డాడు.

"ఆవిడ నొక్కింది. ప్రశ్న గది దాటలేదు. తప్పు నాది."

"చిట్టాలో లేదుగా?" అన్నాడు సూపర్వైజరు.

"లేదు కాబట్టే నాది."

మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు కూడా. అక్క ఉద్యోగం నిలిచింది. బావకి రావలసిన పెద్ద కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. తప్పు దిద్దడానికి పట్టింది ఒక్క వాక్యం: ప్రతి బొమ్మ పేరు చివరా నొక్కిన టైము తగిలించాడు. ఇక ఏ రెండు ప్రశ్నలూ ఒకటి కావు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా బావ ముందు రచ్చకి వెళ్ళొచ్చాడు. మర్నాటి రాత్రి భోజనాల దగ్గర అక్క ఎడమ చేతినిండా సిరా ఉంది. తొమ్మిదీ పది, తొమ్మిదీ నలభై, పదకొండూ అయిదు.

"ఇప్పుడు అడ్రసులు పోవడం లేదుగా. ఇవేంటి?" అన్నాడు బావ.

"నొక్కిన టైములు," అంది అక్క వడ్డిస్తూ. "మళ్ళీ అడుగుతారేమోనని."

బావ ముద్ద కంచంలో పెట్టేశాడు.

"అడగను," అన్నాడు. అక్క చారు పోసింది. "అడగను," అని మళ్ళీ అన్నాడు.

అక్క విన్నట్టే ఉంది. ఎడమ చెయ్యి మాత్రం ఆ పూట కడుక్కోలేదు.