మేము భుజాల మీద ఎత్తుకున్న కోచ్ గారు

కోచ్ గారు పోయారని దుర్గ ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం పొద్దున్న. దుకాణం షట్టరు సగమే ఎత్తి, కాలేజీ జట్టు కొత్త జెర్సీల వీపున నంబర్లు కుడుతున్నాను.

"బాబాయ్ గారూ, కోచ్ గారు లేరండి. ఏలూరులో, ఇంట్లోనే. పొద్దున్న లేపితే లేవలేదంట" అంది.

నేను "సరేనమ్మా" అన్నాను. ఏం సరేనో నాకే తెలియదు. ఫోన్ పక్కన పెట్టి, చేతిలో ఉన్న తొమ్మిదో నంబరు కుట్టడం పూర్తి చేశాను. దారం తెంపాక చూస్తే అంకె తలకిందులైంది. జట్టుకి ఇద్దరు ఆరో నంబరు పిల్లలు తయారయ్యారు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన పేరు రాయను. ఇరవై ఏళ్లలో మేమెవరం ఆయన్ని పేరు పెట్టి అనుకోలేదు. ఇప్పుడు రాస్తే ఎవరో వేరే మనిషి గురించి చెప్పినట్టుంటుంది. తాడేపల్లిగూడెంలో మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆయన కోచ్, అంతే. మా కాలేజీ అంటున్నానని నేను అక్కడ చదివాననుకునేరు. నా చదువు ఎనిమిదితో సరి. కాలేజీ గేటుకి ఎదురుగా నా టైలరింగ్ దుకాణం ఉంది, ఆ మాత్రం హక్కుతో అంటున్నాను.

మొదటిసారి ఆయన నా దుకాణం మెట్లెక్కింది పాత జెర్సీల మూటతో. పొట్టిగా, కాస్త బొజ్జతో, తెల్ల బూట్లు వేసుకుని ఉన్నారు. ఆటలు నేర్పే మనిషని ఎవరూ అనుకోరు. "చంకల దగ్గర గుడ్డ వదులు చెయ్యాలండీ టైలర్ గారూ. చెయ్యి నిండా పైకి లేవాలి. ఈ పిల్లల్ని ఇన్నాళ్లూ ఎవరూ చెయ్యి పైకెత్తనివ్వలేదు" అన్నారు. ఆ సాయంత్రం, నేను వదులు చేసిన చంకలు ఎలా ఉన్నాయో చూద్దామని కోర్టు దగ్గరికి వెళ్లాను. అలా వెళ్లినవాణ్ణి ఇరవై ఏళ్లు వెళుతూనే ఉన్నాను. సాయంత్రం నమాజు చదువుకోవడం, టోపీ మడిచి జేబులో పెట్టుకోవడం, కోర్టు పక్క సిమెంటు మెట్ల మీద కూర్చోవడం. మా ఆవిడ ఆ మెట్లని నా రెండో కాపురం అనేది.

నేనొక్కణ్ణే కాదు. ఉల్లిపాయల మార్కెట్లో కాటా వేసే సత్తిబాబు, ఇంకో పదిహేను మంది దాకా ఉండేవాళ్లం. మాలో ఒక్కరికీ ఆ జట్టులో కూతురు గాని మేనకోడలు గాని లేదు. పిల్లలు పెంటపాడు నుంచీ ఉంగుటూరు నుంచీ కొల్లేటి లంకల నుంచీ వచ్చేవాళ్లు. దుర్గది లంక. వాళ్ల నాన్న చేపల చెరువుల మీద కాపలా. ఉంగుటూరు సెంటర్లో ఆ పిల్ల కింద నిలబడి, వ్యాను పైనున్న మనిషికి ఖాళీ చేపల ట్రేలు గురి తప్పకుండా విసురుతుంటే, కోచ్ గారు బస్సు కిటికీలోంచి చూసి, బస్సు ఆపించుకుని దిగిపోయారట. రెండేళ్లలో దుర్గ కెప్టెన్ అయింది. కప్పులు ప్రిన్సిపాల్ గారి అల్మారాలో పట్టక ఆఫీసు గదిలో ఫైళ్ల పైకెక్కాయి.

గెలిచిన రోజు ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఓడిన రోజు మాత్రం పిల్లలందర్నీ హోటల్లో కూర్చోబెట్టి దగ్గరుండి తినిపించేవారు. "ఓడిపోయింది ఆటమ్మా, ఆకలి కాదు. పెరుగేసుకోండి" అనేవారు. ఆ మాట నేను మా ఇంట్లో కూడా చాలాసార్లు వాడాను.

ఇంక మా పిచ్చి సంగతి చెప్పాలి. ఆయన ఆటలో నోరు విప్పేవారు కాదు. బెంచీ మీద కూర్చుని చూసేవారు, అంతే. నోరు విప్పని మనిషి జట్టు అన్నిసార్లు గెలుస్తోందంటే అందులో ఏదో కిటుకు ఉండాలి గదా. ఆయన సైగలతో నడిపిస్తున్నారని మేము కనిపెట్టాం. తువ్వాలు ఎడమ భుజం మీదుంటే పిల్లలు బుట్ట చుట్టూ గుంపుగా కాపలా కాయాలి. కుడి భుజం మీదికి మారితే ఎవరి మనిషిని వాళ్లు పట్టుకోవాలి. నీళ్ల సీసా మూత తీసి తాగకుండా పెట్టేస్తే ఎవరినో మార్చబోతున్నారు. లేచి బెంచీ చివరికెళ్లి కూర్చుంటే ప్రెస్, అంటే అవతలి వాళ్లని వాళ్ల సగంలోనే ఊపిరాడనివ్వకుండా అడ్డుకోవడం. సత్తిబాబు ఇవన్నీ చిన్న పుస్తకంలో రాసి పెట్టాడు. ఆయన తువ్వాలు మార్చగానే మేము మెట్ల మీంచి అరిచేవాళ్లం, పిల్లలు చూసుకోలేదేమోనని. చాలాసార్లు పిల్లలు మేమరిచినట్టే ఆడేవాళ్లు కూడా. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు కూర్చునేవాళ్లం.

మూడేళ్ల కిందట ఏలూరులో ఫైనల్. గూడెం నుంచి రెండు వ్యాన్లలో వెళ్లాం. ఆఖరి మూడు నిమిషాలకి ఐదు పాయింట్లు వెనకబడి ఉన్నాం. కోచ్ గారు భుజం మీది తువ్వాలు తీసి తల మీద కప్పుకున్నారు. మెల్లిగా లేచి బెంచీ చివరికి వెళ్లి, మోకాళ్ల మీదికి వంగి కూర్చున్నారు.

తల మీద తువ్వాలు మా పుస్తకంలో లేదు. సత్తిబాబు నా మోచెయ్యి గిల్లి, "కొత్తదండీ ఇది. గట్టి ప్రెస్ అయ్యుంటది" అన్నాడు. నాకూ అలాగే తోచింది. మొదట అరిచింది నేనే. తర్వాత రెండు వ్యాన్ల జనమూ "ప్రెస్, ప్రెస్" అని గొంతు కలిపారు. దుర్గ ఒకసారి మా వైపు చూసింది. అంతే, పిల్లలు అవతలి వాళ్ల మీద పడిపోయారు. మూడు పాయింట్ల తేడాతో గెలిచాం.

గెలిచినా ఆయన లేవలేదు. "చూశారా, ఎంత అణకువో" అని మేమే లేపాం. నేనూ సత్తిబాబూ చెరోవైపు పట్టి భుజాల మీదికి ఎత్తుకున్నాం. ఆయన బరువంతా నా కుడి భుజం మీదే పడింది. కోర్టు చుట్టూ మూడు చుట్లు తిప్పాం. ఆయన చెయ్యి నా కాలరు పట్టుకుంది. ఎంత గట్టిగానంటే పై గుండీ తెగిపోయింది. పడిపోతానని భయం కాబోలనుకుని "భయం లేదు సార్, మేమున్నాం గదా" అన్నాను. ఆయన చెమట నా మెడ మీదుగా కారింది. అది కూడా నాకు గర్వంగానే ఉంది. గేటు దగ్గర డప్పులు పెట్టించాం, అక్కడో అరగంట. ఆయన దండల మధ్యలోంచి నవ్వుతున్నట్టే కనిపించారు.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. గ్యాస్ అన్నారు, నమ్మేశాం. నెల తర్వాత వచ్చారు, బొజ్జ తగ్గి, బట్టలన్నీ వదులై. ప్యాంట్లు బిగించమని తెచ్చి, స్టూలు మీద కూర్చుని, చాలాసేపు నా వంక చూసి, "మీ భుజం గట్టిదండీ టైలర్ గారూ" అన్నారు. నేను పొంగిపోయాను. ఆ మాట మార్కెట్లో కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకున్నాను.

మర్నాడు ఏలూరులో చర్చి ప్రార్థన అయ్యాక, సమాధుల తోటలో అందరితోపాటు నేనూ గుప్పెడు మట్టి వేసి, వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. బళ్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తురాలు.

"మీరు టైలర్ గారు గదండీ. ఆ రోజు ఎత్తుకున్నది మీరే గదా" అన్నారు.

"నేనేనండీ అమ్మగారూ" అన్నాను, కాస్త గొప్పగానే.

"ఆట అవ్వకుండానే మొదలైందంటండీ నొప్పి. కళ్లు తిరిగి తల మీద గుడ్డేసుకున్నారంట. ఓ గంట ముందు తీసుకొచ్చుంటే గుండె ఇంత పాడయ్యేది కాదన్నారండీ డాక్టరు గారు. అక్కణ్ణించీ మందుల మీదే లాక్కొచ్చేరు." నా ముఖం చూసి ఆగారు. "మీకు తెలుసనుకున్నానండీ. కోపంతో చెప్పట్లేదు."

టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "దించమని ఒక్క మాటంటే దించేసేవాళ్లం గదండీ" అన్నాను.

"నేనూ అదే అడిగేనండీ. దించమనే అన్నాను, ఆ గోలలో వినబడలేదు అన్నారోసారి. ఇంకోసారి అడిగితే, వాళ్లని అలా చూస్తే దించమనబుద్ధి కాలేదు అన్నారు. ఏది నిజమో నాకూ తెలీదండీ."

ఆ తువ్వాలు సైగల గురించి అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేదేమో. ఆవిడకి అర్థం కాలేదు. "సైగలేంటండీ? ఆయనకి చెమటలెక్కువ. ఓ భుజం తడిస్తే రెండో దాని మీదికి మార్చుకునేవారు."

వరండాలో దుర్గ చెప్పులు వేసుకుంటోంది. ఇప్పుడు గూడెం జట్టుకి తనే కోచ్. దాన్ని పక్కకి పిలిచి అదే అడిగాను.

"మాకేం సైగల్లేవండి బాబాయ్ గారూ. నేర్పడం నా పని, ఆడటం మీ పని, మ్యాచ్‌లో నా వంక చూడొద్దు అనేవారు. మీరు మెట్ల మీంచి అరిచేవారు గదండీ, కోచ్ గారే మీతో చెప్పిస్తన్నారనుకునేవాళ్లం మేము."

"ఆయనకి తెలుసా అమ్మా ఇది?"

దుర్గ రెండో చెప్పు తొడుక్కుంటూ, "ఏమోనండి. మీరరిస్తే మాత్రం నవ్వుకునేవారు" అంది.

గూడెం వచ్చే రైల్లో కిటికీ దగ్గర కూర్చుని లెక్క సరిచూసుకుందామనుకున్నాను. మేము ఆయన తువ్వాలు చూసి అరిచాం. పిల్లలు మా అరుపు విని ఆడారు. ఆయన పిల్లల్ని చూసి చెమట తుడుచుకున్నారు. మరి ఆ ఫైనల్ ఎవరు గెలిపించారు? ఆయన నొప్పి గెలిపించిందా? నేను అరవకపోతే ఓడిపోయేవాళ్లం. ఓడిపోతే ఎత్తుకునేవాళ్లం కాదు. ఎత్తుకోకపోతే ఎవరో ఒకరు ఆయన ముఖం చూసి కారెక్కించేవారు. ఇలా అనుకుంటే నేనే చంపానని తేలుతుంది. మరోలా అనుకుంటే ఇరవై ఏళ్లలో ఆయన్ని ఎవరైనా భుజాల మీదికి ఎత్తుకున్నది ఆ ఒక్కసారే, అది కాదనుకోవడానికి ఆయనకే మనసొప్పలేదు. "మీ భుజం గట్టిదండీ" అన్నది మెప్పో, నిష్ఠూరమో, క్షమించానని చెప్పడమో ఇప్పుడు ఎవర్ని అడగను? స్టేషన్లో దిగేసరికి నాకు తెలిసింది తక్కువైపోయింది.

సత్తిబాబుకి చెబితే కోపం వచ్చింది. "అమ్మగారికి ఆటేం తెలుసండీ. సైగలున్నాయి. నా దగ్గర పుస్తకముంది" అన్నాడు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు దుకాణానికి వచ్చి, "కుడి తొడ నా భుజం మీదేనండీ ఉంది" అని వెళ్లిపోయాడు.

కృతజ్ఞత చెప్పుకోవాలనే ఇది రాయడం మొదలుపెట్టాను. నా సాయంత్రాలకి ఓ అర్థం ఇచ్చిన మనిషి. ఆడపిల్ల చెయ్యి పైకెత్తితే ఎంత అందంగా ఉంటుందో నాకు చూపించిన మనిషి. అందులో నాకు తికమక లేదు. కానీ ఇరవై ఏళ్లు కళ్లార్పకుండా చూసి, ఒక్కసారి కూడా ఆయన ఒంట్లో ఎలా ఉందో చూడలేదు.

నిన్న గూడెం కోర్టులో మ్యాచ్. ఆయన పోయాక ఇదే మొదటిది. తొమ్మిదో నంబరు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చాను. మెట్ల మీద అందరం ఉన్నాం. ఎవరూ అరవడం లేదు. ఆఖర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. బెంచీ మీద దుర్గ రెండు చేతులతో ముఖం కప్పుకుని ముందుకి వంగింది. అలాగే ఉండిపోయింది. మెట్ల మీద కదలిక పుట్టింది. సత్తిబాబు నా మోచెయ్యి పట్టుకుని, "చూశారా" అన్నాడు.

నేను లేచాను. మెట్లు దిగి, దగ్గర దారని కోర్టులోంచే నడిచాను. ఇరవై ఏళ్లలో ఆ గీత దాటడం ఇదే మొదలు. విజిల్ వినపడింది. ఆట ఆగింది. పదిమంది పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

"అమ్మా, ఒంట్లో బాగుందా?" అన్నాను.

దుర్గ చేతులు తీసి చూసింది. "బాగానే ఉందండి బాబాయ్ గారూ. ఆలోచిస్తన్నాను."

"నిజంగానా?"

"నిజంగానండి. మీరు పక్కకి రండి."

రిఫరీ వచ్చి, "పెద్దాయనా, బయటికి వెళ్లండి, ఆట ఆగిపోయింది" అన్నాడు. ఆగనివ్వండి అన్నాను. చెప్పులతో కోర్టు మధ్యలో నిలబడి, ఆ పిల్ల ముఖం నిజం చెబుతోందో లేదో చూస్తూ ఉండిపోయాను.