టెంపరరీ వాడి విస్తరి

శ్రీరామనవమి నాడు ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ల భోజనాలకు ఒక కట్టుబాటు ఉండేది. మొదటి బంతి పర్మనెంటు ఉద్యోగులది. టెంపరరీలు వాళ్లకు వడ్డించి, మిగిలింది రెండో బంతిలో తినాలి. అరవైల్లో నేను వర్క్‌షాపులో టెంపరరీ ఖలాసీని. ఓ ఏడు ఆకలికి ఆగలేక మొదటి బంతిలో కూర్చున్నాను. విస్తరిలో పులిహోర కూడా పడింది. అప్పుడు వచ్చాడు మా షాపు మేస్త్రి.

“ఒరే టెంపరరీ, లెగు. బకెట్టట్టుకో.”

వడ్డించిన విస్తరి ముందు నుంచి శత్రువునైనా లేపరు. నన్ను లేపాడు. పందిరి గుంజ పక్కన నిలబడి నా భార్య అంతా చూసింది.

టెంపరరీ అన్న ఆ మాట నన్ను వదల్లేదు. మా క్వార్టర్ల లైనులో ఉండే రైల్వే స్కూలు ఇంగ్లీషు మాస్టారిని దాని అర్థం అడిగాను.

“లాటిన్‌లో టెంపస్ అంటే కాలం. అందులోంచి పుట్టింది. కొంతకాలమే ఉండేదని అర్థం” అన్నారు.

“ఎంతకాలమండీ?”

“అది మాత్రం ఆ మాట చెప్పదయ్యా.”

నిజమే. వరదకు వంతెన పోతే టెంపరరీ వంతెన వేస్తారు, బాగానే ఉంది. మా షాపు వెనక తెల్లదొరలు కట్టించిన రేకుల షెడ్డును కూడా టెంపరరీ షెడ్డనే అంటున్నాం. దొరలు వెళ్లిపోయారు, షెడ్డు ఉంది.

మరుసటి నవమికి ముందే టెంపరరీల ఇళ్లన్నీ తిరిగాను. మొదటి బంతి వెయ్యగానే అందరం కుటుంబాలతో సహా కూర్చున్నాం. అన్నం గుండిగలు పొగలు కక్కుతున్నాయి. బకెట్టు పట్టేవాడు లేడు.

“ఏట్రా ఇది? వడ్డనెవుడు సేస్తాడు?” అన్నాడు మేస్త్రి.

“వచ్చే ఏడు తమరికి రిటైర్మెంటు గదా మేస్త్రిగారూ! క్వార్టరు కూడా కాళీ సేసెయ్యాల. కొన్నాళ్లే ఉండీవోళ్లనే టెంపరరీ అంటారంట. మరి బకెట్టు తమరే అట్టుకోవాల” అన్నాను.

పందిరంతా గొల్లుమంది. “ఠీక్ సెప్పినాడు దాదా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మేస్త్రి కండువా నడుముకు చుట్టుకుని బకెట్టు అందుకున్నాడు. మిగతా పర్మనెంటు వాళ్లు అతని వెనకే కదిలారు. నా విస్తరిలో పులిహోర అతనే వడ్డించాడు. నా భార్య ఈసారి కూర్చుని చూసింది. ఆ తర్వాత ఆ పందిట్లో ఉద్యోగాన్ని బట్టి బంతులు వెయ్యలేదు. వడ్డన అందరికీ వంతులే.

ఆ రోజు పప్పులోకి నెయ్యి మాత్రం మేస్త్రి అందరికీ గరిటెడు పోసి, నాకు చుక్క విదిలించాడు. అదీ గుర్తుంది.