దాసప్ప ఇంట్లో వెయిటింగ్ లిస్టు

పుంగనూరు పొట్టి ఆవు దూడ కావాలంటే, మా ఊళ్ళో దాసప్ప దగ్గర ఎంతటివాడైనా వరసలో నిలబడాల్సిందే. వరస అంటే కాగితమేమీ లేదు, అంతా ఆయన తలలోనే. ఆవు చూడి కట్టిందని తెలిశాక ముందు ఎవరు అడిగితే వాళ్ళకే దూడ. ఒక్కటే షరతు. ఇక్కడ మాట చెప్పి ఇంకో ఇంట్లో కూడా అడిగినట్టు తెలిస్తే వెనక్కి తోసేస్తాడు. గోడవతల కాపురముండే నన్ను కూడా వదల్లేదు. బైరెడ్డిపల్లెలో ఓ దూడను ఊరికే చూసొచ్చిన పాపానికి నన్ను చిట్టచివరికి పంపాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మనిషి మంచివాడే, మొండితనం మాత్రం ఆవులకు కూడా అంటించాడు.

అలాంటి దాసప్ప కూతురు వెన్నెల ఈ ఏడు తానే ఒక వరసలో పడింది. డిగ్రీ అయ్యాక కుప్పం యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి పరీక్ష రాస్తే వెయిటింగ్ లిస్టులో నాలుగో నంబరు వచ్చింది. మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీ మాత్రం సీటిచ్చి, శుక్రవారంలోగా వచ్చి చేరమంది. ఆ పిల్లకేమో కుప్పంలోనే చదవాలని ఆశ. నలుగురు సీటు వదులుకుంటేగానీ తనకు దారి లేదు.

ముందు మదనపల్లెలో చేరి కుప్పం కోసం చూద్దామని వెన్నెల అంటే దాసప్ప ససేమిరా అన్నాడు. కుప్పంలో అడిగాం, కుప్పంలోనే నిలబడదాం, రెండు చోట్ల మాటిచ్చేది మన ఇంటా వంటా లేదన్నాడు. మదనపల్లెలో చేరినట్టు తెలిస్తే కుప్పంవాళ్ళు పేరు కొట్టేస్తారని ఆయన గట్టి నమ్మకం. ఆయనైతే కొట్టేసేవాడు మరి. అలాంటి రూలేదీ లేదని వెన్నెల చెప్పింది, నేనూ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నాకు ఒళ్ళు మండి, నీ పంతానికి పిల్ల చదువు బలి పెడతావా అని అడిగేశాను. ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. వెన్నెల నంబరు నాలుగు నుంచి మూడుకు దిగి అక్కడే నిలిచిపోయింది.

గురువారం సాయంత్రం పాలు పితికే వేళకు నేను గోడ దగ్గరే ఉన్నాను. ఆయన భార్య నారాయణమ్మ దూడను కట్టేస్తూ, గొంతు పెంచకుండానే అడిగింది.

“పోయినేడు కాంతమ్మకి దూడ యాడ్నుంచి వచ్చె?”

“మన ఆవుదే గదా.”

“ఆ యమ్మకి ముందర అడిగినాయప్ప వేరేసోట కొనుక్కున్నాడు. నువ్వు ఆయప్పని ఏడాదంతా తిట్నావు. ఆయప్ప తప్పుకోకుంటే కాంతమ్మకి దూడ యాడుండాది? ఇప్పుడు మన బిడ్డకి ముందరుండే పిల్లోళ్ళు గూడా యాడో ఒకసోట సేరితేనే గదా దీనికి సీటొచ్చేది? అందురూ నీ మాదిరే కూర్సుంటే వరస ఎట్ల కదుల్తాది?”

దాసప్ప పాల చెంబు పక్కన పెట్టి భార్య వైపు తిరిగాడు. మాట తప్పారని తాను ఇన్నేళ్ళు తిట్టిపోసిన మనుషుల వల్లే వెనకవాళ్ళకు వంతు వచ్చిందన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే తట్టింది. మర్నాడు పొద్దున్నే కూతుర్ని బస్సెక్కించుకుని మదనపల్లె వెళ్ళి చేర్పించి వచ్చాడు.

క్లాసులు మొదలైన వారానికి కుప్పం నుంచి వెన్నెలకు మెసేజ్ వచ్చింది, సీటు వచ్చిందని. ఆ పిల్ల ఏడ్చింది, నారాయణమ్మ ఏడ్చింది, గోడ ఇవతల నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

మదనపల్లెలో చేరేటప్పుడు ఇచ్చిన టీసీ వెనక్కి తీసుకోవాలి. నాతో మాటలు మానేసిన దాసప్పే తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. టీసీ చేతికొచ్చింది, బస్సుకు టైమవుతోందని వెన్నెల తొందరపెట్టింది. దాసప్ప మాత్రం కౌంటరు దగ్గరే నిలబడి, ఖాళీ అయిన సీటు ఎవరికిస్తారని అడిగాడు. వెయిటింగులో తర్వాత ఉన్నవాళ్ళకని, సోమవారం అందరికీ కలిపి కబురు పెడతామని గుమాస్తా చెప్పాడు. ఆయన అయినా కదల్లేదు. ఇంకేం కావాలని గుమాస్తా విసుక్కున్నాడు.

“నాకేం వద్దు సామీ. ఆ బిడ్డకి ఇప్పుడే ఒక ఫోను సేసి సెప్పండి. సోమారం దాకా ఆ ఇంట్లో ఎవురికీ నిద్ర పట్టదు.”

గుమాస్తా ఒక్క క్షణం ఆయన్నే చూసి, ఫోను తీశాడు. అవతల ఎవరో ఆడమనిషి పలికేదాకా దాసప్ప అక్కడే నిలబడ్డాడు.